ఊట ఎండిపోతుంటే మొక్కలు ఎక్కడ నాటాలి?

వ్యాఖ్యాత: పాడేరు, అరకు వైపు కొండ ఊళ్లలో చాలావాటికి ఊటనీరే ఆధారం. ఎండలు ముదిరేసరికి ధార సన్నబడిపోతోంది. అడవి పెంచితే మళ్లీ పుంజుకుంటుందా సార్?

భూగర్భజల నిపుణుడు: ముందు ధారను కొలవాలండి. పది లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడాలి. 40 సెకన్లు పడితే నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు. వేసవిలో పదిహేను రోజులకోసారి, మిగతా కాలంలో నెలకోసారి, వాన లెక్కతో పాటు రాసిపెట్టాలి. లేకపోతే ధార పెరిగింది మన పని వల్లనో, మంచి వాన వల్లనో తేలదు.

వ్యాఖ్యాత: తర్వాత ఊట చుట్టూ మొక్కలు వేయడమేనా?

భూగర్భజల నిపుణుడు: కాదండీ, అక్కడే దెబ్బ తింటున్నాం. ఊట దగ్గర నీరు బయటికొస్తుంది, వాన నీరు నేలలోకి ఇంకేది మరోచోట. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు. పైన మెత్తబడిన పొరలో ఇంకిన నీరు, కింద గట్టిరాతి పగుళ్లు ఎటు వాలితే అటు నడుస్తుంది. ఇంకే చోటు కొండకు అవతల, పక్క ఊరి హద్దులోనూ ఉండొచ్చు. సిక్కింలో ఊటల్ని బతికించే ధారా వికాస్ పథకంలోనూ ముందు ఇంకే చోటు గుర్తించాకే కందకాలు తవ్వారు.

వ్యాఖ్యాత: కందకం కొలతలు?

భూగర్భజల నిపుణుడు: మూడు మీటర్ల పొడవు, అరమీటరు వెడల్పు, అరమీటరు లోతు. ఒక్కోదాంట్లో 750 లీటర్లు నిలుస్తాయి. వాలుకు అడ్డంగా మట్టం చూసి తవ్వాలి. పై వరసలో ఖాళీ ఉన్నచోటికి ఎదురుగా కింది వరస కందకం రావాలి. మట్టం తప్పితే నీళ్లన్నీ ఒక మూలకు చేరి గట్టు తెగుతుంది. మరీ నిటారు వాలులో, మట్టి జారే చోట అసలు తవ్వొద్దు, ఉన్న గడ్డినీ పొదలనూ కాపాడితే చాలు.

వన నిపుణురాలు: సార్ చెప్పిన ఆ కాపాడటమే మొదటి పని. నరికిన మోడు కింద వేరు బతికే ఉంటుంది. పిలకలు గుంపుగా లేస్తాయి. బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి కోసేయాలి. మేకలు మేయకపోతే, నర్సరీ మొక్క కన్నా అది త్వరగా ఎదుగుతుంది. ఖాళీ ఉన్నచోటే ఉసిరి, నేరేడు, కరక, పనస నాటాలి. వాగు ఒడ్డున తెల్లమద్ది, మేడి, కానుగ. నీలగిరి మాత్రం వద్దు. ఏ చెట్టైనా నీళ్లు తాగుతుంది, వత్తుగా నాటేస్తే ధార తగ్గే ప్రమాదం ఉంది.

వ్యాఖ్యాత: నాటినవి ఎందుకు చచ్చిపోతున్నాయి మేడమ్?

వన నిపుణురాలు: ఆలస్యం వల్ల. మే నెలలోనే అడుగున్నర గుంటలు తీసి, నేల బాగా తడిశాక జూన్ చివర్లో, జూలైలో నాటాలి. సెప్టెంబరులో నాటితే వేరు దిగేలోపే వానలు వెళ్లిపోతాయి. కవరు తీయకుండా పాతేయడం ఇంకో తప్పు, వేరు లోపలే చుట్టుకుపోతుంది. ఇక నిప్పు. ఫిబ్రవరిలోపే హద్దు వెంట మూడు మీటర్ల వెడల్పున ఎండుటాకు, గడ్డి ఊడ్చేయాలి.

వ్యాఖ్యాత: మరి కాపలా ఎవరిది?

అటవీ హక్కుల న్యాయవాది: గ్రామసభదే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అటవీ వనరుల్ని కాపాడుకునే హక్కు ఇచ్చింది. దరఖాస్తు ఫారం-సిలో పెట్టాలి. అయితే కొండ మొత్తం ఒకేసారి మూసేస్తే నిలవదండి. మేకలవాళ్లకు మేత, ఆడవాళ్లకు వంటచెరకు ఎక్కడి నుంచి రావాలి? మూడో వంతు చొప్పున మూయాలి, కొడవలితో గడ్డి కోసుకోనివ్వాలి. ఇంకే చోటు పక్క ఊరిదైతే రెండు గ్రామసభలూ కూర్చుని, ఆ ఊరికి ఏం దక్కుతుందో ముందే తీర్మానంలో రాసుకోవాలి.

వ్యాఖ్యాత: ఊట మీద సిమెంటు తొట్టి కట్టేస్తున్నారు కదా?

భూగర్భజల నిపుణుడు: నోటి మీద కట్టొద్దు, ఎక్కువ నీరొస్తుందని యంత్రంతో తవ్వనూ వద్దు. నీరు వెనక్కి తన్ని మరో పగులు వెతుక్కుంటుంది. నాలుగైదు మీటర్లు దిగువన తొట్టి కట్టి పైపుతో దింపాలి. తొట్టి నిండాక పొర్లే గొట్టం ఊట నోటి కన్నా కిందే ఉండాలి.