హాల్సియన్ హోస్టా: నీలం ఆకులో లేదు, ఆకు మీద ఉంది

[ఇంటి గోడ పక్కన నీలిరంగు ఆకుల దుబ్బు]

నమస్తే అండీ. న్యూజెర్సీలో మా ఇంటి ఉత్తరపు గోడ పక్కన పెరుగుతున్న ఈ దుబ్బు హాల్సియన్ అనే రకం హోస్టా, అంటే ఆకుల అందం కోసం నీడలో పెంచుకునే మొక్క. ఇంగ్లండులో ఎరిక్ స్మిత్ అనే మొక్కల పెంపకందారు 1961లో మొదలుపెట్టిన సంకరాల నుంచి పుట్టింది.

[దగ్గరగా: వేలితో ఆకును రుద్దడం]

చూడండి, వేలితో ఒక్కసారి రుద్దాను. నీలం పోయి కింద మామూలు పచ్చ బయటపడింది! బూడిద గుమ్మడికాయ పట్టుకుంటే చేతికి తెల్లగా అంటుకుంటుందే, ఇదీ అలాంటి మైనపు పూతే. ముదిరిన ఆకు మీద ఈ పూత చెరిగితే మళ్లీ రాదు. అందుకే నేను చేసే పనులన్నీ దాన్ని కాపాడుకోవడానికే.

మొదటి ఏడాది తెలియక పడమటి వైపు, గరాజ్ పక్కన నాటాను. జులై ఎండకి నీలం పోయింది, ఆగస్టుకి అంచులు మాడిపోయాయి. చాలా బాధేసింది. పొద్దుటి ఎండ గంటో రెండు గంటలో చాలు, మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. నీడలో ఉన్నా వేసవి చివరికి కొంత పచ్చబడుతుంది, దానికి టెన్షన్ పడకండి.

మేపుల్ చెట్టు కింద మాత్రం వద్దు. దాని వేళ్లు పైపైనే అల్లుకుని తడినంతా లాగేస్తాయి. నీళ్లు కూడా పైపుతో ఆకుల మీద కొట్టకుండా మొక్క మొదలు దగ్గర పోయండి.

ఇంకో ముఖ్యమైన మాట. పురుగు కనిపిస్తే చాలు, వేపనూనె కొట్టడం మనకి అలవాటు. నూనె తగిలితే ఈ పూత పోతుంది. ఆకు మందం కాబట్టి నత్తలు వేరే హోస్టాలంత తినవు. కనిపించినవాటిని రాత్రి టార్చ్ పట్టుకుని ఏరేస్తాను. జింకలకి మాత్రం కంచె కట్టాల్సిందే, రాత్రికి రాత్రే కాడలు మిగులుతాయి. కుక్కలు, పిల్లులు ఉన్నవాళ్లు జాగ్రత్త, ఇది వాటికి విషం.

శీతాకాలం ముందు ఆకులన్నీ వాడి నేలకి ఒరిగిపోతాయి. చచ్చిపోయిందని పీకేయకండి, నిద్రపోతోందంతే. ఆ నిద్రకి వారాల తరబడి గట్టి చలి కావాలి. హైదరాబాదుకి ఒక పిలక తెమ్మని మా అత్తయ్య ఎంతో ఆశగా అడిగింది. అక్కడ అంత చలి లేదు, అందుకే తీసుకెళ్లలేదు.

[వసంతం: మట్టిలోంచి పొడుచుకొస్తున్న మొనలు]

దుబ్బు విడదీయాలంటే ఇదే సమయం, ఆకులు విచ్చుకోకముందే. ప్రతి ముక్కకీ రెండు మూడు మొనలు, వేళ్లు ఉండాలి. ఒక్కో దుబ్బుకీ ముందు చాకుని శుభ్రం చేయండి, హోస్టా వైరస్ రసంతోనే ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకుతుంది.