హాళ్లు లేని ఊళ్లకి సినిమా బండి కట్టిన డైరెక్టర్

అందరికీ నమస్కారమండి. సినిమా వేసేముందు దీన్ని తీసినాయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన పేరు క్రిస్టియన్ ముంజియు, రొమేనియా.

2007 మేలో, ఇవాళ మనం చూసే సినిమాకే, ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టాప్ ప్రైజ్ పామ్ డోర్ కొట్టాడు, ఒక రొమేనియన్ ఫీచర్ ఫిల్మ్‌కి అది రావడం అదే ఫస్ట్ టైమ్. ఇంటికొచ్చి చూస్తే మన వాళ్లకి చూపిద్దామంటే హాళ్లేవీ? కమ్యూనిస్టుల కాలంలో వందల్లో ఉండేవి, 1989 తర్వాత ఒక్కొక్కటే మూతపడిపోయి, రెండు కోట్ల మంది ఉన్న దేశంలో పదుల్లో మిగిలాయి, చాలా టౌన్లలో అసలు ఒక్కటీ లేదు. ఇంకొకరైతే ప్రైజ్ పట్టుకుని ఫారిన్‌లో తిరిగేవాళ్లు. ఈయన ప్రొజెక్టర్, తెర బండికెక్కించుకుని ఊరూరా తిరిగి సినిమా వేశాడు, అచ్చం మన టూరింగ్ టాకీస్ లాగా. నాకు ఆయన మీద ప్రేమ అక్కడే పుట్టింది.

పుట్టింది 1968లో, యాష్ అనే ఊళ్లో. ఇంగ్లీష్ లిటరేచర్ చదివాడు, టీచర్‌గా చేశాడు, జర్నలిస్టుగా చేశాడు, ఆ తర్వాతే బుకారెస్ట్‌లో ఫిల్మ్ స్కూల్. ఆ 1968కి ఒక అర్థం ఉంది. 1966లో అక్కడి కమ్యూనిస్టు నియంత చౌషెస్కూ ప్రభుత్వం ఒక డిక్రీతో, అంటే సర్కారు ఆర్డర్‌తో, అబార్షన్ మీద నిషేధం పెట్టింది, నలభై ఐదు దాటితేనో నలుగురు పిల్లలుంటేనో తప్ప దాదాపు ఎవరికీ కుదరదు. దాంతో ఒక్కసారిగా పుట్టుకొచ్చిన తరాన్ని అక్కడ డిక్రీ పిల్లలంటారు, ఈయనా ఆ తరంవాడే. దొంగచాటు అబార్షన్లలో వేలమంది ఆడవాళ్లు చచ్చిపోయారు. 1989 డిసెంబర్‌లో చౌషెస్కూ పడిపోయాక మొదట్లోనే ఎత్తేసిన చట్టాల్లో ఇదొకటి.

ఇవాళ మనం చూసే ఫోర్ మంత్స్ త్రీ వీక్స్ అండ్ టూ డేస్ ఆ చట్టం కింద 1987లో ఒక్క రోజు కథ. హాస్టల్లో రూమ్మేట్‌కి కడుపొస్తే ఒటీలియా అనే అమ్మాయి తోడు నిలబడుతుంది, అంతే. కెమెరా ఓలెగ్ ముటు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అసలు లేదు, ఎక్కడ ఏడవాలో ఎవరూ చెప్పరు మీకు.

తర్వాత సినిమాలు కూడా వెతుక్కుని చూడండి. 2012లో బియాండ్ ద హిల్స్‌కి కాన్‌లో స్క్రీన్‌ప్లే ప్రైజ్, 2016లో గ్రాడ్యుయేషన్‌కి బెస్ట్ డైరెక్టర్. 2022లో వచ్చిన ఆర్‌ఎమ్‌ఎన్ అయితే నన్ను చాలారోజులు వదల్లేదు, రొమేనియాలోనే ట్రాన్సిల్వేనియా అనే ప్రాంతంలో ఒక ఊరి బేకరీలో పనికి శ్రీలంక వాళ్లొస్తారు, వాళ్లు చెయ్యి పెట్టిన బ్రెడ్ మేం తినం అంటుంది ఊరు, ఆ ఊళ్లోవాళ్లే పనికోసం జర్మనీ పోయొచ్చినవాళ్లు! ఊరి మీటింగ్ మొత్తం పదిహేడు నిమిషాలు కట్ లేకుండా ఒకే షాట్. గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లవాళ్లకి అది ఎలా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సరే, లైట్లు తీసేస్తున్నారు. ఒక్క సీన్ చెప్పి కూర్చుంటా. మధ్యలో ఒటీలియా తన బాయ్‌ఫ్రెండ్ వాళ్లమ్మ పుట్టినరోజు భోజనానికి వెళ్తుంది, ఫ్రెండ్‌ని హోటల్ రూంలో అలా వదిలేసి. టేబుల్ చుట్టూ పెద్దవాళ్లు, తిండి, కబుర్లు, ఈ పిల్ల మధ్యలో ఇరుక్కుపోయి ఉంటుంది, కెమెరా కదలదు. అప్పుడు ఇంట్లో ఎక్కడో ఫోన్ మోగుతుంది. ఎవరూ లేచి ఎత్తరు. ఆ టైమ్‌లో ఆ పిల్ల మొహం చూడండి.