ఇంటెల్ ఫోన్ చిప్పులు ఎందుకు ఆగిపోయాయి?

నమస్కారం. 2016 ఏప్రిల్ నెలాఖరున ఇంటెల్ సంస్థ, మొబైల్ ఫోన్ల కోసం ఉద్దేశించిన ఆటమ్ వరుసలోని సోఫియా, బ్రాక్స్‌టన్ చిప్పులను రద్దు చేసింది. అంతకు పది రోజుల ముందే 12,000 ఉద్యోగాల కోతను ప్రకటించి ఉండడం వల్ల, చాలామంది దీనిని ఖర్చు తగ్గించుకునే చర్యలలో ఒకటిగానే చూశారు. నా దృష్టిలో మాత్రం ఈ కథ అంతకు పదేళ్ల ముందే దారి తప్పింది.

2006 జూన్‌లో ఇంటెల్ తన ఎక్స్‌స్కేల్ విభాగాన్ని మార్వెల్ సంస్థకు 60 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఎక్స్‌స్కేల్ అంటే, ఫోన్లలో ఎక్కువగా వాడే ఆర్మ్ అనే చిప్ నిర్మాణంపై ఇంటెల్ స్వయంగా తయారు చేసిన చిప్పులు. నాటి బ్లాక్‌బెర్రీ, పామ్ పరికరాలలో కొన్ని వాటితోనే నడిచేవి. మరుసటి జనవరిలోనే ఆపిల్ ఐఫోన్‌ను ప్రకటించింది. ఆ ఫోన్‌కు చిప్ ఇవ్వమని ఆపిల్ ముందు ఇంటెల్‌నే అడిగిందనీ, ఆపిల్ చెల్లిస్తామన్న ధర తాము అంచనా వేసుకున్న తయారీ ఖర్చు కన్నా తక్కువగా ఉండడంతో ఒప్పుకోలేదనీ, తీరా చూస్తే ఆ అంచనాయే తప్పని తేలిందనీ, ఇంటెల్ అప్పటి అధిపతి పాల్ ఒటెల్లిని 2013లో పదవి నుంచి దిగిపోతూ చెప్పుకున్నారు.

ఇంటెల్ ఫోన్ల రంగానికి తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది. ఇంటెల్ చిప్పుతో ప్రపంచంలో మొట్టమొదట అమ్మకానికి వచ్చిన స్మార్ట్‌ఫోన్ మన దేశంలోనే, 2012 ఏప్రిల్‌లో, లావా సంస్థ తెచ్చిన జోలో ఎక్స్900. ధర సుమారు 22,000 రూపాయలు. అందులోని మెడ్‌ఫీల్డ్ చిప్పుకు ఉన్నది ఒకే కోర్ అయినా, వేగంలో అది రెండు కోర్ల ఫోన్లకు తీసిపోలేదని అప్పటి సమీక్షకులు ఒప్పుకున్నారు. అయితే అదే నెలలో కంప్యూటర్ల కోసం 22 నానోమీటర్ల చిప్పులను (ఈ అంకె ఎంత చిన్నదైతే తయారీ పద్ధతి అంత కొత్తది) విడుదల చేసిన ఇంటెల్, ఫోన్‌కు మాత్రం 32 నానోమీటర్ల పాత పద్ధతినే సరిపెట్టింది. ఎక్కువ లాభం తెచ్చే కంప్యూటర్ చిప్పులకు కొత్త యంత్రాలు, ఫోన్లకు మిగిలినవి అన్న ఈ వరస చివరి వరకూ మారలేదనే చెప్పాలి. ఆఖరికి సోఫియా చిప్పులను, సొంత కర్మాగారాలు ఉండి కూడా, తైవాన్‌లోని టీఎస్ఎంసీ అనే చిప్ తయారీ సంస్థ చేత చేయించుకున్నారు!

ఇక సాఫ్ట్‌వేర్ చిక్కు వేరు. అప్పటికే ఆండ్రాయిడ్ ఆటలు ఎన్నో ఆర్మ్ చిప్పుల కోసమే రాసి ఉండడంతో, వాటి ఆదేశాలను ఎప్పటికప్పుడు ఇంటెల్ చిప్పులకు అర్థమయ్యే ఎక్స్86 భాషలోకి మార్చే హౌడిని అనే పొరను ఇంటెల్ జోడించవలసి వచ్చింది. అది పని చేసేది, కానీ ఆ అనువాదానికి వేగంలోనూ బ్యాటరీలోనూ మూల్యం చెల్లించాల్సి వచ్చేది.

ఈ లోటును ఇంటెల్ డబ్బుతో పూడ్చాలనుకుంది. తమ చిప్పు పెట్టుకుంటే అదనంగా అయ్యే విడిభాగాల ఖర్చును తామే భరిస్తామని టాబ్లెట్ తయారీదారులకు ఎదురు కట్నం ఇచ్చినట్లు ఇచ్చింది. 2014లో 4 కోట్ల టాబ్లెట్ల లక్ష్యాన్ని దాటింది కూడా. అదే ఏడాది మొబైల్ విభాగం నష్టం మాత్రం సుమారు 420 కోట్ల డాలర్లు. అమ్మకం పెరిగేకొద్దీ నష్టం పెరిగే వ్యాపారాన్ని ఆపడం సరైన నిర్ణయమే, కాకపోతే ఆ బేరం మొదలుపెట్టకుండా ఉండవలసింది.

నష్టపోయిన మరో పక్షం కొనుగోలుదారులు. ఇంటెల్ చిప్పుతో, 4 జీబీ ర్యామ్‌తో 2015లో వచ్చిన ఆసుస్ జెన్‌ఫోన్ 2 మన దగ్గర కూడా బాగా ఆదరణ పొందింది. కొత్త ఆండ్రాయిడ్ రావాలంటే ఫోన్ కంపెనీ ఒక్కటే తలచుకుంటే సరిపోదు, చిప్ కంపెనీ కూడా దానికి తగిన డ్రైవర్లను, అంటే చిప్పును నడిపించే సాఫ్ట్‌వేర్‌ను, అందించాలి. ఆ వరుసే ఆగిపోయిన తరువాత అటువంటి పని మీద ఖర్చు పెట్టే ఆసక్తి ఎవరికి ఉంటుంది? హార్డ్‌వేర్ ఇంకా గట్టిగా ఉన్న ఆ ఫోన్‌కు అధికారికంగా అందిన చివరి పెద్ద అప్‌డేట్ ఆండ్రాయిడ్ 6.