అటక మీద కట్టలు, హార్డ్ డిస్కులో కట్టలు

అందరికీ నమస్కారం. పాత లోకల్ పేపర్లు, పత్రికలు కంప్యూటర్లోకి ఎక్కించి కాపాడుకోవడం గురించి మాట్లాడమన్నారు. స్కానర్లు, సాఫ్ట్‌వేర్లు అని ఏదో చెప్తానని కొంతమంది నోట్‌బుక్కులు తెచ్చుకున్నట్టున్నారు, అవీ చెప్తా గానీ ముందు అసలు గొడవ చెప్పాల. మన అనంతపురం, కడప, కర్నూలు పక్క చెదలు తిని పోయిన పేపర్లకంటే "ఇది మా తాతది, బయటికి ఇచ్చేది లేదు" అని దాచిపెట్టి దాచిపెట్టి, ఆయన పోయినాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కేజీల లెక్కన పాత సామాన్లోడికి వేసినవే ఎక్కువ అని నా నమ్మకం.

పెద్ద పేపర్లకి ఎవరో ఒకరు దిక్కున్నారప్పా. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, 1924లో మొదలైన భారతి, ఇవన్నీ వేటపాలెం సారస్వత నికేతనంలోనో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనో ఎంతో కొంత దొరుకుతాయి, ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి నెట్లో పెట్టినవి కూడా ఉన్నాయి. మన పప్పూరు రామాచార్యులు గారు 1926లో ఇదే అనంతపురంలో మొదలుపెట్టిన సాధన పత్రిక కూడా ఆ స్కాన్లలో చేరింది, అది మన అదృష్టం. కానీ సాధన ఒక్కటే కాదు కదా. ప్రొద్దుటూర్లో, హిందూపురంలో, నంద్యాలలో రెండేళ్ళు, మూడేళ్ళు నడిచి ఆగిపోయిన వారపత్రికలు, కుల సంఘాల పత్రికలు, టీచర్ల సంఘం బులెటిన్లు, కాలేజీ మ్యాగజైన్లు, వాటి సంగతేంది?

చట్టం ఉంది అంటారు. 1954లో పుస్తకాలు లైబ్రరీలకు పంపాలని చట్టం తెచ్చారు, 1956లో పేపర్లను కూడా అందులో కలిపారు, ఒక కాపీ కలకత్తా నేషనల్ లైబ్రరీకి, ఇంకోటి మద్రాసు కన్నెమెరా లైబ్రరీకి, అట్లా నాలుగు చోట్లకి పోవాల. మరి న్యూస్‌ప్రింటుకే అప్పు చేసే ఎడిటరు నాలుగు పోస్టల్ స్టాంపులు వారం వారం అంటించాడంటారా? కొందరు అంటించినారు, చాలామంది అంటించి ఉండరు. స్వాతంత్ర్యానికి ముందువైతే ఇంకో తమాషా, మద్రాసు ప్రభుత్వం దేశభాషల పేపర్లన్నీ చదివించి ఏ పేపరు ఏం రాసింది, సర్కారుని ఎంత తిట్టింది అని ఇంగ్లీషులో సారాంశం రాయించి సీక్రెట్‌గా పై ఆఫీసర్లకు పంపేది. ఆ రిపోర్టులు భద్రంగా ఉన్నాయి. కొన్ని చిన్న పేపర్ల గురించి ఇప్పుడు మనకు తెలిసేది ఆ రెండు మూడు లైన్ల ఇంగ్లీషు సారాంశంలోనే, తెల్లోడు దాచింది మిగిలింది, మనం అచ్చేసుకున్నది పోయింది.

ఇంగ అసలు పాత పేపర్లో ఏముంటుందని ఇంత గోల అంటారు. మామూలుగా ఏం చేస్తారంటే, ఎవరైనా పాత ఫైలు దొరికితే సంపాదకీయాలు, పద్యాలు, పెద్ద నాయకుల ప్రసంగాలు ఫోన్లో ఫోటో తీసుకుని మిగతాది వదిలేస్తారు. నాకు ఇది అస్సలు నచ్చదు. సంపాదకీయాలు ఎవరో ఒకరు పుస్తకంగా వేస్తారు, ఇప్పుడు కాకపోతే ఇంకో పదేళ్ళకి. నాలుగో పేజీ సంగతి చూడండి. ఈ మధ్య ఒక ఇంట్లో ఎర్ర గుడ్డలో చుట్టిన కట్ట విప్పితే చుట్టూ వేపాకు పొడి అయిపోయి రాలింది, లోపల ఒక చిన్న వారపత్రిక, పేరు ఎవరికీ గుర్తు కూడా లేదు. నాలుగో పేజీ సగం కోర్టు నోటీసులే. జిల్లా మున్సిఫ్ కోర్టు, దావా నెంబరు, వాది ఫలానా సాహుకారు, ప్రతివాది ఫలానా రైతు, కొడుకుల పేర్లు మైనర్లు అని బ్రాకెట్లో, వేలానికి పెట్టిన భూమి సర్వే నెంబరు, తూర్పు ఎవరి పొలం, పడమర ఏ వంక, అని చెక్కుబందీ మొత్తం, చివర్లో "అందులోని రాతికట్టు బావి 1, చింతచెట్లు 2" అని. దాని పక్కనే ఆ వారం బజారు ధరలు, కొర్రలు, జొన్నలు, శెనక్కాయలు, బెల్లం. కింద మలేరియా జ్వరానికి మద్రాసు మందు ప్రకటన.

ఇప్పుడు ఆ ఒక్క పేజీని ముందుకి వెనక్కి ఓ రెండేళ్ళ పేజీలతో కలిపి చూసుకోండి. కొర్రల ధర ఎప్పుడు ఎగబాకింది, అది ఎగబాకిన ఎన్ని నెలలకి వేలం నోటీసులు పెరిగాయి, ఎవరి బావులు ఎవరి చేతికి పోయాయి, ఏ ఊరి నుంచి ఎక్కువ దావాలు వచ్చాయి. కరువు గురించి మనం పాటలు పాడుకుంటాం, కథలు రాసుకుంటాం, బాగానే ఉంది గానీ ఈ లెక్క ఏ కథలోనూ దొరకదు. చిన్న పేపర్లకి కోర్టు నోటీసుల డబ్బే ఒక పెద్ద ఆదాయం, ఆ డబ్బు కోసం వేసిన పేజీలే ఇప్పుడు మనకి బంగారం. కాబట్టి స్కాన్ చేస్తే మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి చివరి పేజీ కింద ప్రింటర్ పేరు దాకా మొత్తం చేయాల, ఖాళీ పేజీతో సహా. ఏది ముఖ్యం ఏది కాదు అని ఈరోజు మనం తేల్చేస్తే రేపు చదివేవాడి నోరు మనమే కట్టేసినట్టు.

పెద్ద విషయాల్లో కూడా అంతే. రాయలసీమ అని పేరెవరు పెట్టారు అని ఇప్పటికీ టీ కొట్టు దగ్గర కొట్లాటే, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారంటారు కొందరు, మన దత్తమండల కాలేజీలో పాఠం చెప్పిన చిలుకూరి నారాయణరావు గారంటారు ఇంకొందరు. ఆ పేరు తీర్మానమైన 1928 నవంబర్ నంద్యాల సభల నాటికి సాధన పత్రిక రెండేళ్ళ నుంచి నడుస్తా ఉంది, ఆ రోజుల సంచికలు ముందు పెట్టుకుని చదివి మాట్లాడితే సగం కొట్లాట తగ్గుతుంది. కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒప్పందం 1937 నవంబర్ 16న జరిగింది అని అందరికీ తెలుసు, దాని పాఠం కూడా దొరుకుతుంది, కానీ ఆ తర్వాతి వారాల్లో కడపలో, కర్నూల్లో మామూలు జనం ఎడిటరుకి ఏమని ఉత్తరాలు రాశారు? 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు గుడారాల్లో ఆఫీసులు పెట్టారని అందరూ చెప్తారు, ఆ నెల ఊళ్ళో ఇంటి బాడుగ ఎంతకి పోయింది? ఇది లోకల్ పేపర్లో తప్ప ఇంకెక్కడుంటుంది?

సరే, పని ఎట్లా చేయాలో చెప్తా. న్యూస్‌ప్రింట్ అంటే చెక్కని అట్లే నూరి చేసిన చవక కాగితం, దాంట్లో చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, యాసిడ్ ఉంటుంది, గాలికి వెలుతురుకి పసుపై, తర్వాత గోధుమ రంగై, మడత దగ్గర పుటుక్కున విరుగుతుంది. మన దగ్గర వాన తక్కువ కాబట్టి కోస్తాలో పట్టినంత బూజు పట్టదు, కానీ ఎండ వేడికి పెళుసు తొందరగా అవుతుంది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లా వేసి అదమొద్దు, బైండు చేసిన వాల్యూం అయితే అసలే వద్దు, వీపు విరుగుతుంది. పైన కెమెరా, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల్లో రెండు లైట్లు, పేజీ మీద పలచగా ఒక గాజు పలక, ఇంతే సెటప్. కుట్టు లోపలికి పోయిన లైన్లు కనపడాలంటే వాల్యూంకి రెండు పక్కలా దిండ్లు పెట్టి సగమే తెరవాల, ఓపిక కావాల. 400 డీపీఐ, అంటే అంగుళానికి 400 చుక్కలు పెడితే, పెద్ద సైజు పేపర్ ఒక్కో పేజీ గ్రేస్కేల్‌లో (రంగులు లేకుండా బూడిద ఛాయల్లో) 50 ఎంబీ దాటుతుంది, నాలుగు పేజీల వారపత్రిక ఏడాదికి సుమారు 10 జీబీ. భయపడాల్సిన లెక్కేం కాదు, పెళ్ళి వీడియో ఒకటి అంతకంటే ఎక్కువ తింటుంది. మాస్టర్ ఫైలు టిఫ్ ఫార్మాట్లో అట్లే ఉంచుకోవాల, దాన్ని ముట్టుకోవద్దు, చదవడానికి పీడీఎఫ్ వేరేగా చేసుకోండి. వాట్సాప్‌లో పంపిన ఫోటోని ఆర్కైవ్ అనుకోవద్దు దయచేసి, అది నలిపి పిండేసి పంపుతుంది.

తర్వాత ఫైలుకి పేరు. నవ్వకండి, సగం ప్రాజెక్టులు ఇక్కడే చస్తాయి, స్కాన్ 001, స్కాన్ 002 అని వేలకొద్దీ ఫైళ్ళు, తెరిచి చూస్తే గానీ ఏదేందో తెలీదు. పత్రిక పేరు, తర్వాత ఏడాది, నెల, తేదీ, పేజీ, అదే వరసలో పెడితే కంప్యూటరే వరసగా సర్దుతుంది. తేదీ దగ్గర ఒక తిరకాసు ఉంది. పాత పత్రికల్లో, పంచాంగాల్లో, కరపత్రాల్లో చాలాసార్లు తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. ధాత కరువు అంటాం కదా, ఆ ధాత సంవత్సరం 1876లో వచ్చింది. అరవై ఏళ్ళ చక్రం కాబట్టి మళ్ళా 1936లో వచ్చింది, మళ్ళా 1996లో. ఒట్టి ధాత నామ సంవత్సరం అని ఉన్న కాగితం చూసి ఎవరో కుర్రాడు ఒక ఏడాది ఎక్కించేస్తే అరవై ఏళ్ళు ముందుకో వెనక్కో పోతుంది చరిత్ర. లోపలి వార్తలు చూసి, ప్రెస్సు పేరు చూసి తేల్చుకోవాల, తేలకపోతే తేలలేదు అని రాసిపెట్టాల.

ఇంగ ఓసీఆర్, అంటే బొమ్మలోంచి అక్షరాలు లాగడం. టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది, గూగుల్ వాళ్ళది ఉంది, ఈ రోజుల అచ్చుకి బాగానే చదువుతాయి. పాత అచ్చు ఇచ్చి చూడండి వేడుక. వలపలగిలక (అక్షరం పక్కన రాసే ర్ గుర్తు), నకారపొల్లు (పాత అచ్చులో న్ గుర్తు) రెండూ ౯ ఆకారంలోనే ఉంటాయి కదా, దాన్ని తీసుకుపోయి తొమ్మిది అంకె అనుకుంటుంది. నకారపొల్లుకి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ అక్షరాల పట్టికలో, సొంత చోటు దొరికిందే 2021లో. అరసున్నలు కొన్ని మింగేస్తుంది. ఒకవేళ బ్రహ్మాండంగా చదివినా మీరు సెర్చ్‌లో కరువు అని కొడితే ఆ పేపర్లో కఱవు అని బండి ఱ తో ఉంటుంది, ఒక్కటీ దొరకదు, కరువు గురించి ఏమీ రాయలేదు అని రీసెర్చ్ స్కాలర్ రాసేస్తాడు! అందుకని మనుషులు చదివి దిద్దాల్సిందే. తెలుగు వికీసోర్స్‌లో పక్కన బొమ్మ, ఇటు పక్క అక్షరాలు పెట్టి దిద్దే ఏర్పాటు ఉంది, రిటైరైన తెలుగు మాస్టర్లు చాలామంది ఉన్నారు కదా ఈ హాల్లో, రోజుకో పేజీ దిద్దండి సార్, సీరియల్ చూసే టైములో అయిపోతుంది.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన గొడవకి వస్తా. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు, 1994లో కంప్యూటర్ శాస్త్రానికిచ్చే ట్యూరింగ్ అవార్డు తీసుకున్నాయన, పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని పూనుకున్నారు, దాని మన దేశపు భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఎన్నో తెలుగు పుస్తకాలు అట్లా నెట్లోకి వచ్చాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడకగా ఎక్కించారు, వెతికేవాడికి దేవుడు కనపడేవాడు, అది వేరే విషయం. కొన్నేళ్ళకి ఆ సైటు మూతపడింది. మరి ఆ పుస్తకాలు ఇప్పుడు మనం ఎట్లా చదువుతున్నాం? వాటి కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్ (ఆర్కైవ్ డాట్ ఆర్గ్) లో చేరాయి కాబట్టి. మొత్తం ఒక్క చోటే ఉండి ఉంటే ఆ కష్టమంతా ఆ సైటుతోనే పోయేది.

కానీ మన దగ్గర ఏం జరుగుతోందంటే, అటక మీద కట్ట దాచిన తాత పోయినాడు, హార్డ్ డిస్కు దాచే మనవడు తయారైనాడు. పదేళ్ళ పత్రిక మొత్తం స్కాన్ నా దగ్గర ఉంది అంటాడు, ఎవరికీ ఇవ్వడు, నా థీసిస్ అయిపోనీ అంటాడు, పుస్తకం వేసినాక చూద్దాం అంటాడు. హార్డ్ డిస్కు ఐదారేళ్ళు దాటితే నమ్మకం లేదు స్వామీ, ఒకసారి కింద పడితే అంతే. ఇరవై ఏళ్ళ కింద సీడీల్లో రాసుకున్నవి ఇప్పుడు తెరిచి చూడండి, ఎన్ని తెరుచుకుంటాయో. కనీసం మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊర్లో ఉండాల. వేరే ఊరు ఎందుకంటే 2009 అక్టోబర్లో కర్నూలు మునిగినప్పుడు పక్క పక్క వీధుల్లో పెట్టుకున్న రెండు కాపీలూ ఒకే నీళ్ళలో తడిసి ఉండేవి. అనంతపురంలో ఒకటి, కడపలో ఒకటి, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఒకటి ఎక్కిస్తే, డబ్బు ఖర్చు కూడా పెద్దగా లేదు.

కాపీరైట్ అని భయపెడతారు. అసలు భయపడాల్సింది ఉంది, లేకపోలేదు, కానీ ఎంతవరకో తెలుసుకోండి. పేరు లేకుండా వచ్చిన వార్తలు, రాసిందెవరో తేలని కలం పేరు రాతలు అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళ దాకా, పేరుతో రాసినవైతే రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. ఆ గడువు దాటినవి ధైర్యంగా పెట్టండి. దాటనివి కూడా స్కాన్ చేసి ఉంచి, వారసులతో మాట్లాడి కాగితం మీద సంతకం తీసుకోండి, మన ఊళ్ళల్లో పోయి కూర్చుని, కాఫీ తాగి, మీ నాయన పేరు మొదటి పేజీలో వేస్తామంటే కాదనేవాళ్ళు తక్కువ. కట్ట తీసుకుపోతామని మాత్రం అనొద్దు, అక్కడే బెదిరిపోతారు. కెమెరా మనమే వాళ్ళ వసారాకి తీసుకుపోవాల.

ఇళ్ళల్లో కట్టలు ఉన్నోళ్ళకి రెండు మాటలు. ల్యామినేషన్ చేయించొద్దు, సెల్లోటేప్ అంటించొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు, కొత్తగా బైండింగుకి ఇవ్వొద్దు, బైండర్ అంచు కోసేస్తే తేదీ ఎగిరిపోతుంది. గోడకి ఆనించకుండా, నేలకి ఆనకుండా, పడుకోబెట్టి పెట్టండి చాలు. మీ దగ్గర ఏ పత్రిక, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఇంతే ఒక చీటీ మీద రాసి ఆ టేబుల్ దగ్గర ఇచ్చి పోండి. 1952, 1953 సంచికలు ఎవరింట్లో అయినా ఉంటే వాళ్ళు ముందు రండి, కరువు గంజి కేంద్రాలు, కర్నూలు రాజధాని రెండూ ఆ రెండేళ్ళలోనే ఉన్నాయి, వాటితోనే మొదలుపెడదాం.