"నా ఆరోగ్యం బాగుంది"

సభకు నమస్కారం.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమైంది. అక్కడ పట్టుబడ్డ బ్రిటిష్, ఆస్ట్రేలియా సైనికులకు కొన్నాళ్లకు ఇంటికి పంపుకోమని కార్డులిచ్చారు. వాటి మీద వాక్యాలు ముందే అచ్చువేసి ఉన్నాయి. "నా ఆరోగ్యం బాగుంది." "ఆసుపత్రిలో ఉన్నాను." "జీతానికి పని చేస్తున్నాను." పనికిరాని వాక్యం కొట్టేసి, కింద సంతకం పెట్టాలి. అంతే!

ఆ జీతం పని ఏమిటో తెలుసా? థాయిలాండ్, బర్మాల మధ్య అడవుల్లో 415 కిలోమీటర్ల రైలుమార్గం. 60 వేలకు పైగా యుద్ధఖైదీలను అందులో దించితే, 12 వేలకు పైగా అక్కడే పోయారు. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు. ఇదంతా రాస్తే కార్డు సెన్సార్ దాటదు. దాటినా ఇల్లు చేరేసరికి ఒక్కోసారి ఏడాది పైనే. ఈలోగా మనిషి ఉన్నాడో లేడో!

అయినా ఆ కార్డు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూశారు. ఇంట్లోవాళ్లకు కావలసింది ఆ సంతకం. ఆయన రాతేనా, చెయ్యి వణికిందా, తేదీ ఏమైనా ఉందా? "ఆచూకీ లేదు" అన్న తంతి తర్వాత ఆ మాత్రం గీత చాలు, ఆ పూట ముద్ద దిగుతుంది.

యూరప్‌లో ఇంకో చిత్రం జరిగింది. బెర్లిన్ రేడియో తన ప్రచారం మధ్యలో అమెరికా ఖైదీల పేర్లు, ఇంటి చిరునామాలు చదివేది. ఆ ఆశతోనైనా జనం వింటారని వాళ్ల ఎత్తు. జనం విన్నారు. షార్ట్‌వేవ్ సెట్ల ముందు అర్ధరాత్రి దాకా కూర్చుని, గరగరల్లో వినిపించిన చిరునామా రాసుకుని, ముక్కూమొహం తెలియని తల్లులకు "మీవాడు బతికే ఉన్నాడట" అని సొంత ఖర్చుతో కార్డులు వేశారు. శత్రువు ప్రచారాన్ని ఇంత చక్కగా వాడుకున్నవాళ్లు ఇంకెవరూ లేరేమో.

యుద్ధఖైదీలను ఎలా చూడాలో చెప్పే 1929 జెనీవా ఒప్పందం మీద జపాన్ సంతకమైతే చేసింది గానీ ఆమోదించలేదు. యుద్ధం అయ్యాక, 1949లో నియమాలు బిగించారు. శిబిరం చేరిన వారం లోపు ఖైదీ చేత ఇంటికొకటి, ఖైదీల వివరాలు చూసే జెనీవాలోని కేంద్ర సంస్థకొకటి కార్డు రాయించాలి. నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకోనివ్వాలి. తపాలా ఖర్చు ఉండకూడదు.

ఇవన్నీ యుద్ధఖైదీ అన్న గుర్తింపు ఉన్నవాళ్లకి. అదే రైలుమార్గం మీదికి మలయా రబ్బరు తోటల నుంచి తమిళ కూలీలను, వాళ్లతోపాటు మన తెలుగువాళ్లనూ తోలుకుపోయారు. ఆసియా కూలీల్లో పోయినవాళ్లు సైనికుల కంటే ఎన్నో రెట్లు. వాళ్లు సైనికులు కారు కనక లెక్కాపత్రం సరిగా లేదు, కార్డూ లేదు. ఇక్కడ ఊళ్లో భార్య బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో చెప్పే దిక్కు లేదు.

మీ ఇళ్లలో "మలయా వెళ్లి మళ్లీ రాలేదు" అని చెప్పుకునే తాతగాని, పెదతాతగాని ఉంటే, పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టండి. పేరు, ఊరు, తోట పేరు, వెళ్లిన ఏడు. సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను. చెప్పదలచుకున్నవాళ్లు రండి, కాగితం కలం తెచ్చాను.