అంత చదివే పిల్లాడికి ఇంత తెలియదా?
(ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రులు, లెక్చరర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇంటర్ ఫలితాలొచ్చిన వారంలో పేపర్లో ఏదో ఒక ఊరి నుంచి విద్యార్థి ఆత్మహత్య వార్త వస్తుంది. చదివి మనం అనే మాట ఒకటుంది: "అంత చదివే పిల్లాడికి ఇంత తెలియదా?" ఈ రోజు ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను.

పదహారేళ్ల పిల్లలకు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆలోచించాల్సిన పని ఇస్తే, దాదాపు పెద్దవాళ్లలాగే చేస్తారు. కానీ భయం, కోపం, అవమానం ముంచుకొచ్చినప్పుడు, అందులోనూ తోటివాళ్లు చూస్తున్నప్పుడు, అదే పిల్లలు వేరే రకంగా నిర్ణయాలు తీసుకుంటారు. మెదడు లోపల ఎమిగ్డాలా అనే చిన్న భాగం ఉంటుంది. ఆపద అనిపిస్తే చాలు, అది గుండె వేగం పెంచి, ఒళ్లంతా కంగారు పుట్టిస్తుంది. నుదుటి వెనక ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ దానికి సర్దిచెప్పాలి. ఈ వయసులో మొదటిది మహా చురుగ్గా ఉంటుంది. రెండోది మాత్రం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. కాబట్టి వాడికి తెలియక కాదు. తెలిసింది ఆ గంటలో వాడికి అందదు.

నిద్ర తక్కువైతే ఇది ఇంకా కష్టం. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పైగా యుక్తవయసులో శరీరమే రాత్రి నిద్రపట్టే సమయాన్ని ఆలస్యం చేస్తుంది. అలాంటి పిల్లలను పొద్దున ఐదింటికి స్టడీ అవర్‌కు లేపి, రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి, వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గాయని సెక్షన్ మారిస్తే, వాళ్లు తమను తాము ఎలా సముదాయించుకోగలరు?

అలాగని అంతా మెదడు మీదకో, పరీక్షల మీదకో తోసేయకూడదు. డిప్రెషన్, వేధింపులు, ఇంట్లో గొడవలు, డబ్బు ఇబ్బందులు, ఇలా చాలా కలుస్తాయి. 2022లో దేశంలో 13 వేలమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అదే ఏడాది 18 ఏళ్ల లోపు వారి విషయంలో ఎక్కువగా నమోదైన కారణం కుటుంబ సమస్యలు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? ముందు "ఏడవకు, మగపిల్లాడివి కదా" అనడం మానేద్దాం. బాధను ముఖంలో కనపడకుండా అణుచుకున్నా లోపలి ఉద్వేగం తగ్గదని, శరీరం ఇంకా ఎక్కువ ఒత్తిడి పడుతుందని పరిశోధనలు చూపించాయి. "సిగ్గుగా ఉందా? భయమేస్తోందా? మా మీద కోపమా?" అని అడగండి. ఫొటోల్లోని ముఖాల్లో కనిపించే భావానికి పేరు పెట్టినప్పుడు చూసేవాళ్ల ఎమిగ్డాలా చురుకు తగ్గడం 2007లో అమెరికాలో మెదడు స్కానింగ్‌లలో కనిపించింది. అప్పుడు సలహా ఇవ్వకండి. పక్కన కూర్చోండి. మీరు నెమ్మదిగా ఉంటే పిల్లలు మెల్లగా కుదుటపడతారు.

పిల్లలు "నేను లేకపోతే మీకే హాయి" అన్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, స్నేహితులకు దూరమవుతున్నా, సూటిగా అడగండి: "నాన్నా, చనిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది తల్లులు భయపడతారు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేలమందికి పైగా హైస్కూలు విద్యార్థులను పరిశీలించిన అధ్యయనం 2005లో వచ్చింది. ఆ ప్రశ్న అడిగించుకున్న పిల్లలకు బాధ పెరగలేదు. అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. "చెప్పావు, మంచి పని చేశావు" అనండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఇంట్లో ప్రమాదం కలిగించేవన్నీ తాళం వేయండి. చనిపోవాలన్న ఆ ఆలోచన తీవ్రత చాలామందిలో కొద్దిసేపట్లోనే తగ్గుతుంది. ఆ కాస్త సమయం గడపడానికి మనిషి తోడు కావాలి. మర్నాడే సైకియాట్రిస్టుకు చూపించండి. మందులిస్తే పరువు పోతుందన్న ఆలోచన పక్కన పెట్టండి.

లెక్చరర్లకు ఒక మాట. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, అందరి ముందు అవమానించొద్దని, వందమంది లేదా అంతకు మించి చదివే చోట కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరో పిల్లలకు తెలుసా? తల్లిదండ్రులారా, ఫీజు కట్టే రోజు ఆ పేరు అడగండి. గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీ చూసి చేర్పించడానికి ముందు హాస్టల్లో ఎన్ని గంటలు నిద్రపోనిస్తారో అడగండి.

ఫోన్లు తీయండి. 14416 అని సేవ్ చేసుకోండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని తల్లీ తండ్రీ కూడా చేయొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 112కి చేయండి. నేను ఇక్కడే ఉంటాను. అందరి ముందు అడగలేనివాళ్లు విడిగా వచ్చి మాట్లాడండి.