మసక అంచును దాచకండి

అందరికీ నమస్కారం. మీలో చాలామంది పోచంపల్లి, పుట్టపాక నుంచి ఫోన్‌లోనే చీరలు అమ్ముతున్నవాళ్లు, కాబట్టి పెద్ద పెద్ద మార్కెటింగ్ మాటల జోలికి పోకుండా ఒక ఫోటో సంగతి చెబుతాను.

మొదట్లో ఒక ఇక్కత్ చీర ఫోటోను పోస్ట్ చేసే ముందు యాప్‌లో బాగా దిద్దాను. డిజైన్ అంచుల్లో రంగు కాస్త చెదిరినట్టు ఉంటుంది కదా, అది కనబడకుండా గీతలు పదును చేశాను, వెలుతురు పెంచాను, వెనకంతా తెల్లగా మార్చాను. చీర మెరిసిపోయింది. వచ్చిన మొదటి కామెంటు, "ఇది ప్రింటా అండీ?" నాకు చాలా బాధేసింది. ఆమె తప్పేం లేదు. మగ్గం మీద అన్ని రోజులు కూర్చుని నేసినదాన్ని నేనే ప్రింటులా చేసి చూపించాను.

ఆ అంచు ఎందుకు చెదురుతుందో మీకు తెలుసు, ఇళ్లలో చూస్తూ పెరిగారు. కొనేవాళ్లకు తెలియదు. నేశాక రంగు వేయడం కాదు, నూలుకే ముందు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట ముడులు వేసి, రబ్బరు ట్యూబు ముక్కలు బిగించి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగు వేస్తారు. ఎంత బిగించినా కట్టు కిందికి పిసరంత రంగు పాకుతుంది, నేసేటప్పుడు దారం వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ మసక అలా వస్తుంది. ఈ మాటలు మీ అమ్మ చిటికి కడుతూ చెబితే, ఆ నలభై సెకన్ల వీడియోకు మ్యూజిక్ కూడా అక్కర్లేదు.

2014లో ఫ్రాన్స్‌లో ఇంటర్‌మార్షే అనే సూపర్‌మార్కెట్ల సంస్థ వంకర క్యారెట్లను, సొట్టలుపడ్డ పళ్లను దాచకుండా పోస్టర్ల మీదికి ఎక్కించింది. 30 శాతం తక్కువ ధరకు అమ్మింది, రుచిలో తేడా లేదని చూపడానికి వాటితోనే సూపు, జ్యూసు చేసి ఇచ్చింది. ధైర్యం వాళ్ల దగ్గర నేర్చుకోండి, డిస్కౌంట్ మాత్రం వద్దు. మసక అంచు వంకర క్యారెట్ కాదు, దానికి ధర తగ్గిస్తే మనమే దాన్ని లోపమని ఒప్పుకున్నట్టు.

అలాగని అన్నీ అందాలే అనకండి. నూలు తెగి చిల్లు పడ్డా, ఉతికితే రంగు పోయినా అది లోపమే, అమ్మేముందే చెప్పాలి. "చేతి పని, ఇలాగే ఉంటుంది" అని దాటేస్తే ఆ కస్టమర్ ఇంకో నేతగాడిని కూడా నమ్మదు. ఫిల్టర్ కూడా వేయకండి. ఫోటోలో ఒక ఎరుపు, పార్సిల్‌లో ఇంకో ఎరుపు ఉంటే చీర తిరిగొస్తుంది.

2005లో పోచంపల్లి ఇక్కత్‌కు, 2020లో నూనె పట్టించిన నూలుతో నేసే పుట్టపాక తేలియా రుమాలుకు, ఇది ఆ ప్రాంతపు నేతే అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, మంచిదే. కానీ ప్రింటు వేసేవాళ్లు ఇప్పుడు ఆ మసకను కూడా అచ్చు వేస్తున్నారు, ముందు నుంచి ఫోటో తీస్తే పోల్చుకోవడం కష్టం. మామూలు ప్రింటును తిరగేస్తే వెనక రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. మన చీరకు నూలులోనే రంగు ఉంది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అందుకే కొంగు పట్టుకుని తిప్పే ఆ రెండు సెకన్లు ప్రతి వీడియోలో ఉండాలి.

ఫోన్లు తీయండి. ఈ బల్ల మీది చీరను కిటికీ దగ్గరికి తీసుకెళ్దాం, వెనక వైపు నుంచే మొదలుపెడదాం.